మల్టిక్స్ ఆదేశాలు: ఎమ్యులేటర్‌లో ఒక భాషాచారిత్రక పరిశీలన

ఆపరేటింగ్ సిస్టమ్‌ల చరిత్రల్లో మల్టిక్స్ సాధారణంగా యునిక్స్‌కు పూర్వరంగంగా మాత్రమే కనిపిస్తుంది. ఎం.ఐ.టి.లోని ప్రాజెక్ట్ మ్యాక్, బెల్ ల్యాబ్స్, జనరల్ ఎలక్ట్రిక్ కలిసి 1960ల మధ్యలో దీనిని చేపట్టాయి. 1969లో బెల్ ల్యాబ్స్ తప్పుకొంది. అక్కడి కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యునిక్స్‌కు శ్రీకారం చుట్టారు. కథను ఇక్కడితో ముగించడం పరిపాటి. నిజానికి మల్టిక్స్ మరో మూడు దశాబ్దాలు పనిచేసింది. చివరి యంత్రం కెనడాలోని హాలిఫాక్స్‌లో 2000 అక్టోబర్ 30న ఆగింది. 2007లో దాని మూలసంకేతం బహిరంగమైంది. 2014లో హనీవెల్ డీపీఎస్-8/ఎం యంత్రాన్ని అనుకరించే ఎమ్యులేటర్‌పై అది తిరిగి నడిచింది. దీంతో మల్టిక్స్ ఆదేశాలను గ్రంథస్థ సామగ్రిగానే కాక, వ్యవహారంలో ఉన్న భాషగా పరిశీలించే వీలు కలిగింది.

నేటి లినక్స్ వాడుకరికి ఇక్కడ చాలా మాటలు పరిచితమే. జాబితాకు ‘ఎల్ఎస్’, ఉన్న చోటు తెలుసుకోవడానికి ‘పీడబ్ల్యూడీ’. అయితే ‘సీడీ’ దగ్గర చిక్కు వస్తుంది. మల్టిక్స్‌లో అది ‘క్రియేట్ డిర్’ అనే ఆదేశానికి హ్రస్వరూపం. డైరెక్టరీ మారడానికి కాదు, కొత్తది సృష్టించడానికి. మారడానికి ‘సీడబ్ల్యూడీ’ అనాలి. యునిక్స్ తొలి రూపాల్లో మారే ఆదేశం ‘సీహెచ్‌డిర్’. 1979 నాటి ఏడవ ఎడిషన్‌లో అది ‘సీడీ’ అయింది. రెండక్షరాల రూపం అదే, అర్థం వేరు. దీనిని అర్థవిపరిణామం అనడం సరికాదని నా అభిప్రాయం. రెండు వేర్వేరు పదబంధాలు సంక్షిప్తమై ఒకే రూపానికి చేరాయి కనుక ఇది నానార్థం కాదు, సమరూపత.

సంక్షిప్తతకు కారణం ఎమ్యులేటర్ తెరపై కనిపించదు. నాటి వాడుకరి ముందున్నది కాగితంపై అచ్చువేసే టెర్మినల్. ఐబీఎం 2741 వేగం సెకనుకు సుమారు 15 అక్షరాలు. ‘ప్రింట్’ అంటే అక్షరాలా అచ్చే. కాగితంపై పడిన అక్షరాన్ని చెరపలేరు కనుక # గుర్తు కొడితే ముందున్న అక్షరం, @ కొడితే అప్పటివరకు కొట్టిన పంక్తి మొత్తం రద్దయినట్లు యంత్రం గ్రహించేది. తాళపత్రంపై లేఖకుడు తప్పక్షరాన్ని కొట్టివేసినప్పుడు కూడా తప్పు, దిద్దుబాటు రెండూ కంటికి ఆనేవి. (ఈమెయిల్ చిరునామాలో @ రాసే అలవాటున్న వారికి ఈ సంప్రదాయం వింతగా ఉంటుంది.) తెరపై ఈ గుర్తులు నియమాలుగా మిగిలాయి, వాటి అవసరం మిగలలేదు. అందుచేత ఎమ్యులేటర్‌ను మూలప్రతిగా కాక ప్రతిలేఖనంగా చదవాలి. పాఠం దక్కింది; లేఖన సామగ్రి మారింది.

కాగితంతో పాటు కాలానికీ ఇక్కడ వెల ఉండేది. ప్రవేశించేటప్పుడు వాడుకరి తన పేరుతో పాటు ప్రాజెక్టు పేరూ చెప్పవచ్చు. లెక్క ప్రాజెక్టు ఖాతాలో పడుతుంది. ప్రతి ఆదేశం ముగియగానే ‘ఆర్’ అనే అక్షరంతో ఒక పంక్తి వస్తుంది: అప్పటి గడియారపు వేళ, ఖర్చయిన ప్రాసెసర్ సెకన్లు, తెప్పించుకున్న మెమరీ పేజీల సంఖ్య. ‘సిద్ధం’ అని చెప్పే మాటలోనే ఖర్చు లెక్క ఇమిడి ఉంది. యంత్రకాలాన్ని పలువురు పంచుకున్న వ్యవస్థలో ఇది సహజం. ‘లాగౌట్’ అన్నాక వచ్చే చివరి వాక్యంలో సెకన్లు, మెమరీ యూనిట్లతో పాటు డాలర్ల మొత్తమూ ఉంటుంది. వసూలు చేసే కార్యాలయం లేకున్నా, ఎమ్యులేటర్ ఆ మొత్తాన్ని నేటికీ లెక్కకట్టి చూపుతుంది.