సాహిత్యంలో జెండర్ అధ్యయనం

సాహిత్యంలో జెండర్ అధ్యయనం అనగా స్త్రీత్వం, పురుషత్వం, లైంగిక అస్తిత్వం రచనలలో ఏ విధంగా చిత్రించబడ్డాయో పరిశీలించే విమర్శా పద్ధతి. రచనలోని విషయంతో పాటు, ఆ రచనను సమాజం ఎలా స్వీకరించింది, దేనిని నిషేధించింది అనేవి కూడా ఇందులో ముఖ్యాంశాలు.

హైదరాబాదులో అధ్యయనం

1985లో హైదరాబాదులో అన్వేషి స్త్రీ అధ్యయన పరిశోధనా కేంద్రం ఏర్పడింది. దీనితో అనుబంధం గల సూసీ తారు, కె.లలితల సంపాదకత్వంలో భారతీయ రచయిత్రుల రచనల ఆంగ్ల సంకలనం రెండు సంపుటాలుగా (1991, 1993) వెలువడింది. హైటెక్ సిటీకి సమీపంలో, గచ్చిబౌలిలో ఉన్న హైదరాబాదు విశ్వవిద్యాలయంలో (స్థాపన 1974) తెలుగు, ఆంగ్ల, తులనాత్మక సాహిత్య విభాగాలతో పాటు స్త్రీ అధ్యయనం కూడా పాఠ్యాంశంగా ఉంది.

రాధికాసాంత్వనము

పై సంకలనం మొదటి సంపుటపు ఉపోద్ఘాతం ముద్దుపళని ఉదంతంతో మొదలవుతుంది. ఈమె 18వ శతాబ్దంలో తంజావూరు పాలకుడు ప్రతాపసింహుని ఆస్థాన కవయిత్రి. ఈమె శృంగార ప్రబంధం రాధికాసాంత్వనము 1887 ముద్రణలో పీఠికా పద్యాలు, మరికొన్ని పద్యాలు విడిచిపెట్టబడ్డాయి. బెంగుళూరు నాగరత్నమ్మ వ్రాతప్రతి సంపాదించి, 1910లో పూర్తి పాఠాన్ని ప్రకటించింది. స్త్రీ ఇటువంటి కావ్యం వ్రాయరాదన్న కందుకూరి వీరేశలింగం విమర్శను ఆమె ఖండించింది. పురుషకవుల శృంగారానికి వర్తించని నియమం స్త్రీకి ఎందుకన్నది ఆమె ప్రశ్న. 1911లో ప్రభుత్వం నిషేధించిన ఈ గ్రంథంపై ఆంక్షలు 1947లో తొలగాయి. 1952లో వావిళ్ళవారు దీనిని పునర్ముద్రించారు.

లైంగిక అస్తిత్వం

మహాభారతంలోని బృహన్నల, శిఖండి పాత్రలు ఈ అధ్యయనంలో తరచుగా చర్చకు వస్తాయి. అయితే ఈ రెండూ ఒకటి కావు. అర్జునుడు ధరించినది అజ్ఞాతవాసపు మారువేషం కాగా, స్త్రీగా జన్మించిన శిఖండి యక్షుని వలన పురుషత్వం పొందినట్లు కథ. తిక్కన విరాటపర్వంలో బృహన్నల రాజకుమార్తె ఉత్తరకు నాట్యం నేర్పే గౌరవనీయమైన గురువు. నిజాం రాజ్యంలో 1919లో (1329 ఫస్లీ) వచ్చిన చట్టం ప్రకారం మాత్రం, నపుంసకులుగా నమోదు చేయబడినవారు స్త్రీవేషంలో వీధిలో కనిపించినా, బహిరంగంగా నాట్యమాడినా వారెంటు లేకుండా నిర్బంధించవచ్చు. తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో ఈ చట్టాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది.

కావ్యంలో ఆదరణ పొందిన రూపమే వీధిలో నేరం ఎలా అయినదన్నది ఈ అధ్యయనం ముందున్న ప్రధాన ప్రశ్నలలో ఒకటి.