పోలీసు శిక్షణ: కవాతు నుంచి పలకరింపు వరకు

1857 తిరుగుబాటు నేపథ్యంలో రూపొందిన 1861 పోలీసు చట్టం ప్రజాసేవకన్నా పాలనారక్షణకే ప్రాధాన్యమిచ్చింది. తదనుగుణంగా కానిస్టేబుళ్ల శిక్షణలో కవాతు, ఆజ్ఞాపాలన ప్రధానాంశాలయ్యాయి. 1902లో నియమితమైన ఫ్రేజర్ కమిషన్ పోలీసుల అవినీతిని, ప్రజాపీడనను, శిక్షణలోపాన్ని నిర్మొహమాటంగా ఎత్తిచూపింది. స్వాతంత్ర్యానంతరం, 1971లో సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎస్. గోరే అధ్యక్షతన ఏర్పడిన సంఘం శిక్షణ ద్వారా నైపుణ్యంతోపాటు ప్రజలపట్ల దృక్పథమూ మారాలని ప్రతిపాదించింది.

1975లో హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోలీసు అకాడమీ ఐ.పి.ఎస్. అధికారులను తీర్చిదిద్దుతున్నది. అయితే ఠాణా గడప తొక్కిన ఫిర్యాదుదారుకు సాధారణంగా మొదట ఎదురయ్యేది కానిస్టేబులే. అతని నోట వెలువడేది ‘నువ్వు’ అనే మాటో ‘మీరు’ అనే మాటో దానినిబట్టే సామాన్యుడు రాజ్యస్వభావాన్ని గ్రహిస్తాడు. శిక్షణా సంస్కరణ ఏ మేరకు ఫలించిందో ఆ తొలి పలకరింపులోనే తేలుతుంది.