ఏటికి ఎదురీదే చుట్టం

తెనాలిలో చేపల మాట ఎక్కడ మొదలైనా గోదావరి దాకా వెళ్లి పులస దగ్గర ఆగుతుంది. పుస్తెలమ్మయినా తినాలనే ఆ చేపకు నేనుంటున్న న్యూజెర్సీలో ఒక చుట్టం ఉంది. పేరు షాడ్. పులసలాగే సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుతుంది. ఒళ్లంతా ముళ్లు, జనకు మహా గిరాకీ. పులస వరదల ఎర్రనీటిలో వస్తే, ఇది చలి విరిగే వసంతంలో వస్తుంది.

షాడ్ ఎక్కే డెలావేర్ నది న్యూయార్క్ రాష్ట్రపు కొండల్లోంచి దిగి, పెన్సిల్వేనియాకూ న్యూజెర్సీకీ సరిహద్దుగా పారి, ఫిలడెల్ఫియా దాటాక అట్లాంటిక్‌లో కలుస్తుంది. ప్రధాన నది 330 మైళ్లు. దాని మీద ఒక్క ఆనకట్ట కూడా లేదు. ఇక్కడి ఆదివాసులైన లెనాపీ ప్రజలు తరతరాలుగా పట్టిన ఈ చేపను ఐరోపా నుంచి వచ్చినవాళ్లు ఉప్పేసి పీపాలకెత్తారు. ఫిలడెల్ఫియాలో ఫిష్‌టౌన్ అనే పేటే వెలిసింది. స్వాతంత్ర్య యుద్ధంలో, 1778లో వ్యాలీ ఫోర్జ్ దగ్గర ఆకలితో ఉన్న వాషింగ్టన్ సైన్యాన్ని షాడే బతికించిందని ఇక్కడ కథగా చెప్పుకుంటారు. ఈ చేప మీదే 2002లో ఒక పుస్తకం వేసిన జాన్ మెక్‌ఫీ ఆ కథను అంత తేలిగ్గా నమ్మలేదు.

1890ల చివర ఈ నదిలో ఏటా కోటి పౌండ్లకు పైగా షాడ్ పట్టేవారు. అట్లాంటిక్ తీరంలో మరే నదీ దీనికి సాటి రాలేదు. ఆ సిరి కొద్ది దశాబ్దాల్లోనే కరిగిపోయింది. హద్దు లేకుండా పట్టడం ఒక కారణమైతే, అంతకంటే పెద్దది ఫిలడెల్ఫియా, క్యామ్డెన్, చెస్టర్ పట్టణాల మురుగు, ఫ్యాక్టరీల వ్యర్థం. మురుగు కుళ్లుతూ నీటిలోని ఆక్సిజన్‌ను తినేస్తుంది. ఎండలు ముదిరేసరికి ఫిలడెల్ఫియా దగ్గర మైళ్ల పొడవున అది దాదాపు సున్నాకు పడిపోయేది. ఎదురెక్కే పెద్ద చేపలకూ, సముద్రానికి దిగే పిల్లలకూ అదొక గోడ. రెండో ప్రపంచ యుద్ధకాలంలో రేవు కూలీలు ఆ కంపుకు జబ్బు పడ్డారు, ఓడల రంగులు మాడిపోయాయి. 1888 నుంచి లాంబర్ట్‌విల్లో వల లాగుతున్న లూయిస్ ఫిషరీ, 1950ల్లో ఒక్క షాడ్ కూడా పడని ఏడాదిని చూసింది.

ఆ గోడ కూలింది చేప మీద ప్రేమతో కాదు. నీటి వాటాల కోసం ఈ రాష్ట్రాలు మనలాగే కోర్టుకెక్కాయి. 1931లో ఒకసారి, 1954లో మరోసారి సుప్రీంకోర్టు పంపకం చేసింది. చివరికి 1961లో న్యూయార్క్, న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, డెలావేర్ రాష్ట్రాలు, కేంద్రం కలిసి ఒకే నదీ కమిషన్‌గా కూర్చున్నాయి. ఆ కమిషన్ 1967లో ఒక అంకె కట్టింది: పట్టణాల దగ్గర లీటరు నీటిలో రోజుకు సగటున 3.5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలి. ఎవరు ఎంత వ్యర్థం వదలొచ్చో దాన్నిబట్టి వాటాలు వేసింది. 1972లో నీటి కాలుష్యం మీద జాతీయ చట్టం వచ్చింది, కేంద్రం డబ్బిచ్చింది. 1980ల నాటికి ఫిలడెల్ఫియా మురుగు శుద్ధి కేంద్రాలు మెరుగుపడ్డాయి, షాడ్‌కు దారి తెరుచుకుంది.

ఇంకొక గండమూ తప్పింది. 1955 వరదల తర్వాత ఇదే నది మీద టాక్స్ ఐలాండ్ దగ్గర పెద్ద డ్యామ్‌కు 1962లో అనుమతి వచ్చింది. భూములు తీసుకున్నారు, ఎన్నో కుటుంబాలను ఇళ్లు ఖాళీ చేయించారు. నిరసనలు పెరిగి, 1975లో కమిషనే వద్దని ఓటేసింది. ఆ డ్యామ్ కట్టి ఉంటే, కింద నీళ్లు ఎంత తేటపడినా షాడ్ ప్రయాణం అక్కడే ముగిసేది.

అయినా పాత వైభవం రాలేదు. తీరం మొత్తమ్మీద షాడ్ సంతతి క్షీణించే ఉందని 2020 అంచనా తేల్చింది. కానీ దారి ఇస్తే చేప వెంటనే కనిపెడుతుంది. మస్కనెట్‌కాంగ్ అనే ఉపనది మీద 2016లో ఒక పాత డ్యామ్ తీసేస్తే, మరుసటి వసంతానికే షాడ్ అక్కడికి చేరింది.

ఇదంతా తెనాలికి ఎందుకంటే, మన కథ తిరగబడి ఉంది కనుక. బెజవాడ దగ్గర కృష్ణ మీద 1855లో ఆనకట్ట, 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ. ఊళ్లో పారే కాలువలు, చుట్టూ పండే వరి దాని చలవే. ఫిలడెల్ఫియా గోడ వెనక మురుగు తప్ప మరేమీ లేదు. మన గోడ వెనక అన్నం ఉంది. దాన్ని పగలగొట్టమని తెనాలివాడెవడూ అనడు, నేనూ అనను. గంగ మీద 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక, అలహాబాద్ దాకా ఎక్కిన పులసజాతి చేపలు అక్కడ అరుదైపోయాయి. ఇక్కడ మనమూ అటువంటి నష్టాన్ని తెలిసి భరిస్తున్నాం.

కానీ బ్యారేజీ దిగువన, పెనుమూడి మీదుగా హంసలదీవి దాకా ఉన్న కృష్ణ సంగతి వేరు. అక్కడ కలిసే మురుగు ఎవరికీ అన్నం పెట్టదు. నీళ్లు సముద్రం పాలవుతున్నాయని మనం బాధపడతాం. ఎదురెక్కే చేపకు పిలుపు ఆ నీళ్లే. వరద రోజుల్లో నదీ ముఖాన్ని వలలతో మూసేయకపోవడం, దిగువకు కొంత నీరు, లీటరు నీటిలో ఇంత ఆక్సిజన్ ఉండి తీరాలన్న ఒక అంకె: ఈ మూడూ అడగడానికి బ్యారేజీ అడ్డం రాదు. డెలావేర్‌లో కూడా పని అంకెతోనే మొదలైంది, దానికి నాలుగు రాష్ట్రాలు ఒప్పుకోవడంతోనే ముందుకు సాగింది.