బంకమన్నును ఎక్స్-కిరణ పరీక్షకు సిద్ధపరచు విధానము: దాని చరిత్ర

బెంగుళూరు లాల్‌బాగులోని గుట్ట ద్వీపకల్పపు నైసు శిల. అట్టి శిలలు యుగయుగములుగా శిథిలమై యేర్పడినదే యీ ప్రాంతపు ఎర్రమన్ను. రాయలసీమలోను కృష్ణాతీరమునను గల నల్లరేగడి స్వభావము వేఱు. వానలలో అది ఉబ్బును. వేసవిలో బీటలు వారును. దానిపై కట్టిన గోడలు పగులును. ఈ భేదము రైతునకు అనాదిగా తెలిసినదే. దాని కారణము మాత్రము ఇరువదవ శతాబ్దమున గాని బయటపడలేదు.

1912లో లావె మొదలగువారు స్ఫటికములచే ఎక్స్-కిరణములు వివర్తనము చెందునని నిరూపించిరి. 1916లో డెబై, షెరర్ అను వారు పొడి పదార్థములను పరీక్షించు పద్ధతిని కనిపెట్టిరి. 1923లో హాడింగ్, 1924లో రిన్నె బంకమన్నును ఆ కిరణముల ముందుంచిరి. 1930లో హెండ్రిక్స్, ఫ్రై నేలలోని బంకయందును స్ఫటికములే కలవని చూపిరి. 1933లో హాఫ్‌మన్, ఎండెల్, విల్మ్ మాంట్‌మొరిల్లనైటు పొరల నడుమ నీరు చేరుటచే ఆ ఖనిజము ఉబ్బునని వివరించిరి. రేగడి రహస్యమిదియే.

అయితే పొలమునుండి తెచ్చిన మన్నును తెచ్చినట్లే యంత్రమునం దుంచిన ఫలితము స్పష్టము కాదు. ముందుగా పలుచని ఆమ్లముతో సున్నపు భాగమును, హైడ్రోజన్ పెరాక్సైడుతో కుళ్లిన ఆకు అలముల శేషమును తొలగింతురు. పిమ్మట ఇనుపతుప్పు. బెంగుళూరు మన్నునకు ఎరుపునిచ్చునది ఇదియే. రాగి లక్ష్యమునుండి వెలువడు కిరణములు సోకినపుడు ఇనుము తానును కిరణములను వెదజల్లి చిత్రమును మసకపరచును. దీని నివారణకు మెహ్రా, జాక్సన్ 1960లో ప్రకటించిన డైథియొనైటు-సిట్రేటు పద్ధతి నేటికిని వాడుకలో నున్నది. తరువాత నీటిలో కలిపి తేర్చుదురు. స్టోక్సు సూత్రము ననుసరించి 2 మైక్రానుల రేణువు 10 సెంటీమీటర్లు దిగుటకు దాదాపు 8 గంటలు పట్టును. అప్పటికి ఆ లోతువరకు తేలియున్నదే బంక. దానిని గాజుపలకపై ఆరనిచ్చిన, రేకులవంటి రేణువులు పరచినట్లు పడి పొరల మందమును చక్కగా తెలుపును.

చిక్కు ఇక్కడనే కలదు. మెగ్నీషియముతో నింపి ఆరబెట్టినపుడు మాంట్‌మొరిల్లనైటు, వర్మిక్యులైటు, క్లోరైటు మూడును ఇంచుమించు 14 ఆంగ్‌స్ట్రాముల గుర్తునే చూపును. 1944లో మెక్‌యూవన్ గ్లిసరాలును, 1945లో బ్రాడ్లీ గ్లైకాలును ప్రయోగించి మాంట్‌మొరిల్లనైటు 17, 18 ఆంగ్‌స్ట్రాములకు ఉబ్బునని చూపిరి; తక్కినవి అట్లుబ్బవు. పొటాసియముతో నింపి వేడిచేసిన వర్మిక్యులైటు 10కి కుదించుకొనిపోవును. క్లోరైటు 14 వద్దనే నిలుచును. కెయొలినైటు 7 వద్ద కనబడును. 550 డిగ్రీల వేడిమికి దాని గుర్తు మాయమగును. ఈ పరీక్షలలో నొకటి విడిచిన, ఉబ్బు మట్టిని ఉబ్బని మట్టి యని పొరబడుట సంభవము. పునాది వేయువానికి ఆ పొరపాటు చిన్నది కాదు.

1909లో వెలసిన బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు 1957 నుండి 1962 వరకు డైరెక్టరుగా నుండిన సూరి భగవంతం స్ఫటికముల సౌష్ఠవమును పరిశోధించిన తెలుగువారు. ఆ సంస్థయందే శ్రీధరన్, వెంకటప్పారావు కృషిచేసి, కెయొలినైటు కుదింపును రేణువుల నడుమనుండు కోతనిరోధమును, మాంట్‌మొరిల్లనైటు కుదింపును రేణువుల పరస్పర వికర్షణమును ప్రధానముగా శాసించునని 1973లో ప్రకటించిరి. ఏ మన్నున ఏ ఖనిజమున్నదో నిశ్చయముగా తెలిసినగాని ఇట్టి సిద్ధాంతము నేలపై అక్కరకు రాదు. ఆ నిశ్చయము యంత్రము వద్ద గాక, తేర్చిన నీటి పాత్ర వద్దనే ప్రారంభమగుచున్నది.