చీలమండలోకి దారి దొరికిన కథ

పలమనేరు వైపు కాలు బెణికితే ముందు గుర్తొచ్చేది పుత్తూరు కట్టు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ పట్టీ: తరాలుగా మన ప్రాంతం నమ్ముకున్న వైద్యం అది. టమోటా తోట గెనిమ మీద కాలు మడతపడినా, కబడ్డీలో చీలమండ తిరిగినా, చాలా బెణుకులు కోత లేకుండానే మానతాయి. చిక్కంతా వాపు తగ్గి నెలలు గడిచినా నొప్పి వదలని కాళ్లతోనే. మిట్టపల్లాల్లో నడుస్తుంటే చీలమండ ఉన్నట్టుండి పక్కకు ఒరిగిపోతుంది. లోపల లిగమెంట్ తెగిందా, మృదులాస్థి దెబ్బతిందా? మృదులాస్థి ఎక్స్‌రేకు అందదు. కళ్లారా చూడాలంటే ఒకప్పుడు కీలును కోసి తెరవాల్సిందే.

కోయకుండా చూసే ప్రయత్నం 1918లో టోక్యోలో మొదలైంది. మూత్రాశయాన్ని పరీక్షించే గొట్టాన్ని కెంజి తకాగి అనే వైద్యుడు ఒక మృతదేహం మోకాలిలోకి పంపి చూశారు. ఆయన్ను కదిలించింది మోకాలి క్షయ. ఆ జబ్బుతో కీలు బిగుసుకుపోయేది. నేల మీద కూర్చుని తిని, నేల మీదే పడుకునే జపానీయులకు మోకాలు వంగకపోతే బతుకే కష్టం. జబ్బును తొలి దశలోనే పట్టుకోవాలని ఆయన తపన. 7.3 మిల్లీమీటర్ల గొట్టంతో మొదలుపెట్టి 1931 నాటికి 3.5 మిల్లీమీటర్లకు తెచ్చారు.

అదే 1931లో న్యూయార్క్ వైద్యుడు మైఖేల్ బర్మన్ మృతదేహాల కీళ్లను ఒక్కొక్కటిగా పరీక్షించి, చీలమండ దగ్గరకొచ్చేసరికి ఇది కుదరదని తేల్చేశారు. కారణం ఉంది. కాలి రెండు ఎముకల నడుమ తాలస్ అనే పాదపు ఎముక మూడు వైపులా బిగిసి ఉంటుంది. ఆయన చేతిలోని గొట్టానికి ఆ సందు నిజంగానే చాలదు. అయినా 1939లో తకాగి చీలమండ పరీక్ష గురించి రాశారు.

ఆ పనిని ఆయన శిష్యుడు మసాకి వతనబె ముందుకు తీసుకెళ్లారు. 1962లో మోకాలిలో చిరిగిన మెనిస్కస్ అనే మృదులాస్థి ముక్కను గొట్టం దారినే తొలగించి, చూసే పనిముట్టును చికిత్సకూ వాడవచ్చని చూపించారు. ఆ తర్వాత 1.7 మిల్లీమీటర్ల గొట్టం తయారైంది. దానితో 28 చీలమండలను పరీక్షించిన అనుభవాన్ని 1972లో ఆయన ప్రకటించారు. బర్మన్ మూసిన తలుపు అలా తెరుచుకుంది.

చూపు దొరికింది కానీ పనిముట్టు ఆడించడానికి చోటు కావాలి. 1980లలో ఎముకలోకి పిన్నులు దించి కీలును లాగేవారు. తర్వాత పాదానికి పట్టీ వేసి లాగడం వచ్చింది. ఆమ్‌స్టర్‌డామ్ సర్జన్ నీక్ వాన్ డైక్ ఇంకా సులువైన మార్గం చూపారు: పాదాన్ని పైకి వంచితే కీలు ముందు భాగం వదులవుతుంది, మృదులాస్థి గొట్టం తగలకుండా లోపలికి దాక్కుంటుంది. 2000లో మడమ వెనుక నుంచి రెండు రంధ్రాలతో లోపలికి వెళ్లే పద్ధతినీ ఆయనే వివరించారు.

ఆపరేషన్ బల్ల దగ్గర ఒక చిన్న పని తప్పక చూడాలి. కోతకు ముందు సర్జన్ కాలి నాలుగో వేలిని కిందికి వంచుతారు. చాలామందిలో చర్మం కింద నాడి ఒక గీతలా పైకి తేలుతుంది. దాని వెంట పెన్నుతో గుర్తు పెట్టుకుంటారు. ఆ నాడి తెగితే పాదం పైభాగం మొద్దుబారుతుంది. అందుకే కత్తి చర్మం వరకే ఆగుతుంది. ఆపై మొద్దు మొన ఉన్న పనిముట్టుతో కండను పక్కకు జరుపుతూ దారి చేస్తారు. కీలును సెలైన్‌తో నింపి, ఒక రంధ్రంలో కెమెరా, రెండో దానిలో పనిముట్టు పెడతారు.

లోపల చేసే మరమ్మతుకూ చరిత్ర ఉంది. తెగిన లిగమెంట్‌ను మళ్లీ దాని చోటుకే కుట్టే పద్ధతిని స్వీడన్‌కు చెందిన లెనార్ట్ బ్రోస్ట్రోమ్ 1966లో వివరించారు. 1980లో గౌల్డ్ అనే సర్జన్ దానికి బలం చేకూర్చారు. అప్పట్లో దానికి పెద్ద కోతే. ఇప్పుడు చిన్న రంధ్రాల గుండానే ఎముకలో దారాన్ని పట్టి ఉంచే యాంకర్ దించి కుడుతున్నారు. మృదులాస్థికి సొంత రక్తప్రసరణ లేదు కాబట్టి అది తనంతట తాను సరిగా మానదు. అమెరికాలో రిచర్డ్ స్టెడ్‌మన్ 1980లలో మోకాలి కోసం మైక్రోఫ్రాక్చర్ రూపొందించారు: గాయం అడుగున ఎముకకు చిన్న చిన్న రంధ్రాలు చేస్తే మజ్జ రక్తం ఊరి కొత్త కణజాలం కడుతుంది. అదే పద్ధతి తాలస్‌కూ వచ్చింది. అలా కట్టిన పొర పుట్టుకతో వచ్చిన మృదులాస్థి అంత గట్టిది కాదు. ఆ లోటు తీర్చే వెతుకులాట నేటికీ సాగుతోంది.

ప్రతి బెణుకుకూ ఈ ఆపరేషన్ అక్కర్లేదు. విశ్రాంతి, పట్టీ, బ్యాలెన్స్ వ్యాయామాలు ఎక్కువ మందికి చాలు. మూడు నెలలు శ్రద్ధగా వ్యాయామం చేసినా కాలు ఒరిగిపోతూనే ఉంటే, లోపల ఏదో పట్టేసినట్టుంటే, అది తలరాత అనుకుని కుంటుకుంటూ పొలం పోవద్దు. ఎముకల డాక్టరుకు చూపించుకుని ఎమ్మారై అవసరమా అని అడగండి. పొలం పని చేసే కాలు, ఆటగాడి కాలంత విలువైనదే.