చదివింపుల చిట్టా

పెళ్లిలో చదివింపుల తంతు మీకు తెలిసిందే కదా! "ఫలానా మావయ్యగారు నూటపదహార్లు" అని ఒకరు గొంతెత్తి చదువుతుంటే, ఇంకొకరు చిట్టాలో రాసుకుంటారు. తెల్లవారుజామునే లేచి బస్తాడు వంకాయలు తరిగిన పిన్నిగారి పేరు మాత్రం ఆ చిట్టాకి ఎక్కదు. శాస్త్రవేత్తల లోకంలోనూ అచ్చం ఇలాంటి చిట్టా ఒకటుందంటే నమ్ముతారా?

కథ లండన్‌లో మొదలైంది. 1665 మార్చిలో రాయల్ సొసైటీ కార్యదర్శి హెన్రీ ఓల్డెన్‌బర్గ్ 'ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్' అనే పత్రిక పెట్టాడు. అంతవరకూ ఉత్తరాల్లో తిరిగిన కొత్త సంగతులు అచ్చులోకి వచ్చాయి. ఆ తర్వాత మూడొందల ఏళ్లలో పత్రికలు పుట్టగొడుగుల్లా పెరిగాయి. అన్నీ చదివేదెవరు? ఏది మేలైనదో తేల్చేదెవరు?

అమెరికాలో యూజీన్ గార్‌ఫీల్డ్ ఒక ఉపాయం చెప్పాడు. ఒక వ్యాసాన్ని తర్వాతి వాళ్లు తమ వ్యాసాల్లో ఎన్నిసార్లు ఉదహరించారో లెక్కపెడదామన్నాడు. గోంగూర పచ్చడి వడ్డిస్తూ "ఇది మా వదిన చెప్పిన పద్ధతి" అంటామే, అలాగన్నమాట. 1964లో ఆయన సూచిక వెలువడింది. ఒక పత్రికలో గత రెండేళ్లలో వచ్చిన వ్యాసాలకు సగటున ఎన్ని ఉదహరింపులు దక్కాయో చెప్పే 'ఇంపాక్ట్ ఫాక్టర్' కూడా ఆయన బృందం చలవే. రానురాను ఉద్యోగాలూ ప్రమోషన్లూ ఆ మార్కులకే ముడిపడ్డాయి. పత్రిక మార్కులతో మనిషిని తూచొద్దని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కూడిన సంపాదకులే చెప్పాల్సి వచ్చింది.

పైగా ఉదహరింపులు పోగుపడాలంటే ఏళ్లు పడుతుంది. ఈలోగా ఫేస్‌బుక్కూ, 2023లో ఎక్స్‌గా పేరు మార్చుకున్న ట్విట్టరూ వచ్చాయి. మడికట్టుకు కూర్చున్న పత్రికలు కూడా అక్కడ ఖాతాలు తెరిచి, "మా కొత్త వ్యాసం చూశారా?" అంటూ వీధరుగు ఎక్కాయి. ఈ కబుర్లనూ లెక్కలోకి తీసుకోవాలంటూ 2010లో జేసన్ ప్రీమ్ 'ఆల్ట్‌మెట్రిక్స్' అని పేరు పెట్టాడు. ఇప్పుడు చాలా వ్యాసాల పక్కన రంగురంగుల చక్రం కనిపిస్తుంది. వార్తలకో రంగు, ట్వీట్లకో రంగు, మధ్యలో అంకె.

బాగానే ఉంది. కానీ అరుగు మీద పేరు వినిపిస్తే మెచ్చుకున్నట్టేనా? తిట్టినా ఆ అంకె పెరుగుతుంది మరి!

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారినే చూడండి. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన రాసిన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని వేలాది వ్యాసాల్లో ఉదహరించారు. గార్‌ఫీల్డ్ చిట్టా వచ్చేనాటికి ఆయన లేరు. 1948లోనే పోయారు.

అంతకన్నా పెద్ద సంగతి ఇంకోటుంది. బొంబాయిలో గర్భిణుల రక్తహీనత ఒకటి ఈస్ట్ సారంతో తగ్గుతోందని 1931లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ ప్రకటించింది. ఆ సారంలోని మహిమ ఫోలిక్ యాసిడ్‌దని తర్వాత తేలింది. 1945లో దాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది సుబ్బారావుగారి నాయకత్వంలోని లెడర్లీ బృందమే.

నెల తప్పిందనగానే డాక్టరమ్మ రాసిచ్చే మాత్ర అదే. మా అమ్మాయి కడుపుతో ఉన్నప్పుడు రోజూ గుర్తుచేసి మరీ మింగించాను. మింగిన తల్లులు ఏ వ్యాసమూ రాయలేదు, ఏ అరుగు మీదా ఆ పేర్లు చెప్పలేదు. ఈసారి పెళ్లికి వెళ్తే, చదివింపులయ్యాక ఒక్కసారి వంటింట్లోకి తొంగిచూడండి. పిన్నిగారు అక్కడే ఉంటారు.