ఇనుము చెప్పే పుట్టినరోజు



పళని, కోయంబత్తూరు, మధుర ప్రాంతములలో తరతరాలుగా కాపురమున్న మనవారికి మోటారు కొత్తది కాదు. 1893లో కలంగల్ గ్రామములో పుట్టిన మన జి.డి. నాయుడుగారు 1920లో ఒక్క బస్సు కొని పొళ్లాచి, పళనిల మధ్య నడిపినారు. ఆయన మోటారు సర్వీసు ఆ ఒక్క బస్సు నుండి పెరిగినదే. ఆయన పేరిట కోయంబత్తూరులో నేడొక కార్ల మ్యూజియము కూడ ఉన్నది.

పాత కారును బాగుచేయువారికి మొదటి ప్రశ్న ఒకటే: ఈ భాగము కారుతోబాటు వచ్చినదా, తరువాత చేరినదా? జవాబు ఆ ఇనుము మీదనే ఉంటుంది. మేము రైల్వేలో గుమాస్తాపని చేయువారము. పట్టా నడుము మీద తయారీ సంస్థ గుర్తు, సంవత్సరము ఉబ్బెత్తుగా ఉండుట రోజూ చూస్తాము. కార్లలోనూ అంతే.

ఇంగ్లండు లూకాస్ వారి డైనమోలు, స్టార్టర్ల మీద చిన్న అంకెలు కొట్టి ఉంటాయి. పాతవాటి మీద నెల, సంవత్సరము. తరువాతివాటి మీద వారము, సంవత్సరము. ‘34 69’ అని ఉంటే, 34వ నెల లేదు గనుక అది 1969లో 34వ వారము. అమెరికా కార్వెట్ కారు ఇంజను దిమ్మె మీద నెలకొక అక్షరము: ‘ఎ’ జనవరి, ‘ఎల్’ డిసెంబరు. దాని వెంట తేదీ, సంవత్సరపు చివరి అంకె. ‘7’ అంటే 1957 కావచ్చు, 1967 కావచ్చు. పోత నంబరు కూడ చూచి తేల్చుకోవలెను. సూత్రము మాత్రము సులభము: భాగము కారుకంటె కొద్ది నెలలు ముందు పుట్టవలెను, వెనుక పుట్టరాదు.

ఇంత తెలియక మునుపు మేమొక తప్పు చేసినాము. మా మేనమామగారి 1959 నాటి ఎం.జి.ఎ. స్పోర్ట్సు కారుకు సాయపడుచు, డైనమోను గరుకు కాగితముతో తళతళలాడునట్లు రుద్దినాము. అంకెలు మాయమైనవి. మామయ్య చూచి, “ఒరే అబ్బాయీ, తుప్పుతోబాటు సాక్ష్యము కూడ పోయినది గదరా!” అన్నారు. స్టార్టరు మీద ‘3 59’ మిగిలినది. ఫ్యాక్టరీ రికార్డులను బట్టి కారు తయారైనది జూన్‌లో, స్టార్టరు అసలుదే. కారు అమ్మునప్పుడు ఆయన, “స్టార్టరు అసలుది, డైనమో సంగతి చెప్పలేను” అని ఉన్నమాట చెప్పినారు. ధర తగ్గినది. మాకు తల వంగినది.

మన యిండ్లలో అమ్మమ్మల ఇత్తడి బిందెల మీద పేరు, తేదీ కొట్టించి ఉంటారు. చింతపండుతో తోమండి, గీకవద్దు. వలస వచ్చినవారికి అటువంటి అంకెలే దస్తావేజులు.